రంగూన్ మేస్త్రి చేయి జారిన రోజు

మా బస్సు నందిగామలో పది నిమిషాలు ఆగుతుంది. మొన్న మంగళవారం ఇంజను ఆపి టీ కొట్టు దగ్గరికి వెళ్లాను. పక్క బల్ల మీద ఇద్దరు లారీవాళ్లు మాట్లాడుకుంటున్నారు.

"రంగూన్ మేస్త్రి పోయాడంటగా?" అన్నాడొకడు.

"ఎవరూ, ఆ చేయి జారిన మేస్త్రా?"

"ఆఁ, ఆయనే. పాపం."

అంతే. ఆ తర్వాత మిరపకాయల రేటు సంగతిలో పడ్డారు. నేను మాత్రం టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. మనిషి పోయి వారం కాలేదు, అతనికి మిగిలిన పేరు ఇదా! నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద అంటే ఆ లారీవాళ్ల మీద కాదు, వాళ్లకేం తెలుసు? తెలిసినవాణ్ణి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. తెలిసి పదేళ్లకు పైగా నోరు మూసుకున్నవాణ్ణి కూడా నేనే.

అతని అసలు పేరు నాకు తెలియదు. ఎవరైనా అడిగితే "ఎందుకు?" అనేవాడు. యుద్ధం రోజుల్లో రంగూన్ నుంచి నడిచి వచ్చినవాళ్లలో ఒకడని, అక్కడ ఐసు ఫ్యాక్టరీలో పనిచేశాడని మాత్రం అందరికీ తెలుసు. నందిగామలో హైదరాబాదు రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని మోటార్లు, పంపులు, ఆయిలింజన్లు బాగుచేసేవాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఖాకీ నిక్కరు, తెల్ల బనీను, మెడలో తువ్వాలు. ఇంజన్ల మధ్య పొద్దస్తమానం బతికే మనిషి బనీను మీద ఒక్క నూనె మరక ఉండేది కాదు. మరక పడిందంటే ఆ రోజుకి పని ఆపేసి, "ఇవాళ చేయి మాట వినట్లేదు, రేపు రండి" అని పంపించేసేవాడు.

అతనంత అనుమానం మనిషిని నేను మళ్లీ చూడలేదు. టీ కొట్లో గ్లాసు తన కళ్లముందు కడిగితేనే తాగేవాడు. కడిగిన తర్వాత కూడా ఒకసారి వాసన చూసేవాడు. మంగలి దగ్గర కూర్చుంటే అద్దం తనే పట్టుకుని, క్షవరం అయ్యేదాకా కత్తిని చూస్తూనే ఉండేవాడు. బెజవాడ బస్సెక్కితే ముందు కండక్టర్ని అడిగేవాడు, "ఇది బెజవాడ బస్సేగా?" అని. ఔనంటే ఎక్కి కూర్చుని పక్కవాణ్ణి అడిగేవాడు, "ఇది ఎక్కడికి పోద్ది?" అని. ఏ ప్రశ్నైనా రెండుసార్లు అడిగేవాడు. ఒకటి ఇప్పుడు, ఒకటి రేపు, ఇంకో రకంగా తిప్పి. రెండు జవాబులూ కలిస్తే "ఊ" అనేవాడు. కలవకపోయినా "ఊ" అనేవాడు. ఆ రెండు ఊలకీ తేడా కనిపెట్టటానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

అతను నమ్మింది ఒక్కదాన్నే. కుడిచేయి ముందుకు చాపి, వేళ్లు విప్పి, "ఇది జారదయ్యా. రంగూన్లో జారలేదు, ఇక్కడా జారలేదు" అనేవాడు. చూస్తే నిజంగానే ఆ వేళ్లు వణికేవి కావు.

ఇప్పుడు చలి కారు సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఈ మనిషి అర్థం కాడు.

జగ్గయ్యపేటలో మా కామందుకి ఒక పెద్ద అమెరికా కారు ఉండేది. హైదరాబాదులో ఎవరో నవాబుగారి వారసులు అమ్ముకుంటుంటే కొనుక్కొచ్చాడు. ఆకుపచ్చ రంగు. మలుపు తిప్పాలంటే సగం బజారు కావాలి. అద్దాలన్నీ ఎత్తి ఇంజను వేస్తే వెనక సీటు పైనుంచి చల్లగాలి వచ్చేది. ఊరంతా దాన్ని చలి కారు అనేవాళ్లు. రోహిణి కార్తెలో బజార్లో ఆగితే జనం చుట్టూ మూగి అద్దానికి చెంపలు ఆనించేవాళ్లు. కామందు లోపల శాలువా కప్పుకుని కూర్చునేవాడు. చలేసి కాదు, బయటవాళ్లకి కనిపించాలని.

ఆ కారుకి డ్రైవర్ని నేను. మా తాత ఆ ఇంట్లోనే ఎడ్లబండి తోలాడు, మా నాన్నా తోలాడు. మా పల్లెలో స్టీరింగు పట్టుకున్న మొదటివాణ్ణి నేనే. నాకు లైసెన్సు వచ్చిన ఆదివారం మా పాస్టరుగారు చర్చిలో నా పేరు చెప్పి ప్రార్థన చేశారు. మా అమ్మ ఆ రోజంతా ఎవరు పలకరించినా కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

అలాంటి కారులో ఆ ఏడు ఉగాది దాటేసరికి చలి పోయింది. ముందు గాలి మెత్తబడింది, తర్వాత ఉత్త గాలి, ఆ తర్వాత వేడిగాలి. సరిగ్గా ఆ నెలాఖరుకే మంత్రిగారు పేటలో హైస్కూలు కొత్త కట్టడానికి శంకుస్థాపన చేయటానికి వస్తున్నారు. నందిగామ నుంచి మా చలి కారులోనే తీసుకొస్తానని కామందు పదిమందిలో మాట ఇచ్చేసి ఉన్నాడు. నన్ను పిలిచి వాకిట్లో నిలబెట్టాడు.

"ఒరేయ్ యేసోబూ, కారు రంగూనోడి దగ్గర పెట్టు. పని అయ్యేదాకా అక్కణ్ణించి కదలమాక. వాడు మంచి సామాను పీక్కుని పాత సామాను బిగిస్తాడంటన్నారు. ఒక్క మేకు మారినా నీదే పూచీ."

"అట్టాగేనండి."

"ఇంకోటి. అది ఎవరివల్ల చెడిందో కూడా తేలాలి. నీవల్లని తేలిందనుకో, తాళాలు ఇచ్చేసి మళ్లీ బండెక్కు. ఎడ్లు ఎట్టాగూ ఉన్నయ్యి."

కాని ఆ చలి మిషనులో కంప్రెసర్ని నేను అప్పటికే ముట్టుకుని ఉన్నాను.

చలి మిషనుకి ప్రాణం కంప్రెసర్. ఇంజను బెల్టుతో తిరుగుతూ లోపలి గ్యాసుని నొక్కుతుంది. తిరిగే ఇరుసు బయటికి వచ్చేచోట గ్యాసు కారిపోకుండా ఒక సీలు ఉంటుంది. నున్నటి స్టీలు రింగు, దానికి ఆనుకుని నల్లటి కార్బన్ బిళ్ల, వెనక రబ్బరు, స్ప్రింగు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసిందల్లా ఒకటే. చలికాలం బెల్టు తీసి డిక్కీలో పెట్టి, శివరాత్రి వెళ్లాక మళ్లీ తగిలిస్తే అది కీచుమని కూసింది. వేదాద్రి నరసింహస్వామి దర్శనానికి పోతూ కామందు దారి పొడుగునా తిట్టాడు, "ఆ కూత ఆపరా, చుట్టాలు నవ్వుతన్నారు" అని.

ఇరుసు కూస్తే ఏం చెయ్యాలో మా ఇంట్లో మూడు తరాలుగా తెలుసు. కందెన పెట్టాలి. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి, వెదురు గొట్టంలో పోసి బండికింద వేలాడదీస్తారే, అదే. మా నాన్న గొట్టం తెచ్చి, పుల్లతో తీసి, కంప్రెసర్ ముక్కు దగ్గర దండిగా దట్టించాను. మర్నాటికి కూత ఆగిపోయింది. కామందు "శభాష్‌రా" అన్నాడు. ఆ పూట నేను అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాను.

చలి పోవటానికీ ఆ కందెనకీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. ఉందేమోనని మాత్రం లోపల పీకుతూనే ఉంది.

మొదటిరోజు మేస్త్రి నన్ను చూడగానే కనిపెట్టేశాడు, కాపలా వచ్చానని. ఒక ముక్కాలిపీట తెచ్చి షెడ్డు మధ్యలో వేశాడు.

"ఇక్కడ కూచో. ఇక్కణ్ణించయితే నా చేతులు రెండూ కనపడతయ్యి."

నేలమీద ఉతికిన పంచెగుడ్డ పరిచాడు. తీసిన ప్రతి నట్టూ దానిమీద వరసగా పెడుతూ పైకి లెక్క చెప్పాడు, నాచేత తిరిగి చెప్పించాడు. బెల్టు తీశాడు. పుల్లీ లాగాడు. లాగాక చేయి అక్కడే ఆగిపోయింది. చూపుడువేలితో ఇరుసు ముక్కు మీద రాసి, ఆ నల్లటి జిగటని బొటనవేలితో నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత నావైపు చూశాడు. నా మొహం కాదు, నా చేతులు.

"ఏమయ్యా, మీ ఇంట్లో ఎడ్లబండి ఉందా?"

"మా నాన్న తోలేవాడండి."

"ఊ."

వేలు తువ్వాలుకి తుడుచుకోలేదు. పక్కనున్న కాగితానికి తుడిచి, ఆ కాగితం మడిచి నిక్కరు జేబులో పెట్టుకున్నాడు. కాగితం ఎందుకు దాచాడు? కామందుకి చూపించటానికి కాకపోతే ఇంకెందుకు? ఆ సాయంత్రం దాకా నేను చూసింది అతని చేతుల్ని కాదు, ఆ జేబుని.

పొద్దుగూకబోతుంటే విప్పిన సామానంతా ఆ గుడ్డలో మూటగట్టాడు. ముడి ఒకటి వేశాడు. అలాంటి ముడి నేనెక్కడా చూడలేదు. పాయలు రెండు లోపలికి పోయి ఎటు బయటికొచ్చాయో తెలిసేది కాదు. దానిమీద తడి సున్నంతో బొట్టు పెట్టాడు.

"మూట నీ దగ్గరుంటది. ముడి నాది. నువ్వు నన్ను నమ్మక్కర్లేదు, నేను నిన్ను నమ్మక్కర్లేదు. ఇద్దరం హాయిగా పడుకోవచ్చు."

హాయిగానా! మూట తలకింద పెట్టుకుని కారులోనే పడుకున్నాను. హాయన్నది నా దరిదాపుల్లోకి రాలేదు.

రెండోరోజు కార్బన్ బిళ్ల, స్టీలు రింగు బయటపెట్టాడు. రింగు మొహం అద్దంలా ఉండాలట. అది చుట్టూ గీతలు పడి ఉంది. గీతల్లో మసి. మేస్త్రి దాన్ని ఎండలో అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. ఏదో ఒకటి మాట్లాడాలని రంగూన్ సంగతి అడిగాను.

"మీకు ఎవరిమీదా నమ్మకం ఉండదంటారు గదండీ, అక్కడేవన్నా జరిగిందాండీ?"

"ఎవరంటారు?"

"అందరూ..."

"ఊ." రింగు కింద పెట్టాడు. అప్పుడు అన్నాడు, "ఐసు ఫ్యాక్టరీలో ఒకడు వాల్వు తప్పు తిప్పాడు. దొర నన్ను పిలిచి అడిగాడు. చూసింది చూసినట్టు చెప్పా."

"తర్వాతండీ?"

"తర్వాత వాడు లేడు."

ఉద్యోగంలో లేడో, అసలు లేడో చెప్పలేదు. నేను అడగలేదు. నాకు బోధపడింది ఒక్కటే, ఈ మనిషి చూసింది చూసినట్టు చెప్పేరకం. నా పని అయిపోయిందనుకున్నాను.

కాసేపటికి పానా తిప్పుతూ, తలెత్తకుండా అడిగాడు, "కందెనలో మీ నాన్న ఏ మసి కలిపేవాడయ్యా, వరిగడ్డిదా, కొబ్బరిపీచుదా?"

"నాకు తెలవదండి."

"ఊ."

ఇది రెండో రకం ఊ.

మూడోరోజు పొద్దున్నే, కొత్త సీలు కోసం బెజవాడ పోయొస్తానన్నాడు. అక్కడ ఐసు పెట్టెలు బాగుచేసేవాళ్ల దగ్గర ఈ కొలతది దొరుకుతుందట. మూట కట్టి, ముడేసి, బొట్టు పెట్టి నా ఒళ్లో పెట్టాడు. బస్సెక్కే ముందు కండక్టర్నీ, పక్కవాణ్ణీ అడగటం కూడా చూశాను.

ఆ రోజు నేను పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. షెడ్డులో నేనొక్కణ్ణే. ఒళ్లో మూట. మూటలో మసి పట్టిన రింగు. కిరసనాయిలు డబ్బా చెయ్యి చాపితే అందేంత దూరంలో. ఒక్కసారి విప్పి, ఆ మసి కడిగేస్తే చాలు, కామందు కంటికి కందెన కనపడదు. కానీ ముడి? విప్పటం ఎంతసేపు, మళ్లీ వెయ్యాలిగా. నా తువ్వాలు తీసుకుని అలాంటి ముడి వెయ్యటం నేర్చుకుందామని చూశాను. పది రకాలుగా వేశాను. తొమ్మిది ఊడిపోయాయి, పదోది విప్పటానికి రాక పళ్లతో కొరికాను. మధ్యాహ్నం దాటింది. సున్నం బొట్టు నాకేసి చూస్తూనే ఉంది. నా బతుకు, మా అమ్మ కళ్లనీళ్లు, పాస్టరుగారి ప్రార్థన అన్నీ ఆ పిడికెడు గుడ్డలో ఉన్నాయి.

మేస్త్రి బస్సు దిగి నేరుగా మూట దగ్గరికొచ్చాడు. కూర్చుని, ముడిని నాలుగువైపులా చూశాడు. గోటితో బొట్టు గీకి చూశాడు. అప్పుడు మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

"విప్పలేదే!"

"లేదండి."

"ఎందుకని?"

అబద్ధం చెబుదామనుకున్నాను. అవతల అడిగేది అతను. రేపు ఇంకోరకంగా తిప్పి అడుగుతాడు.

"మళ్లీ ముడెయ్యటం రాలేదండి" అన్నాను.

మేస్త్రి నవ్వాడు. పళ్లన్నీ కనపడేలా, భుజాలు ఊగేలా నవ్వాడు. పంచెగుడ్డ మీద కూర్చుని, తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. అతను నవ్వగా చూసింది ఆ ఒక్కసారే. నవ్వు ఆపి, కొత్త రింగు తీసి పనిలో పడ్డాడు. మందపాటి అద్దం పలక మీద ఇత్తడి పాలిష్ రాసి, రింగుని ఎనిమిది అంకె తిప్పినట్టు తిప్పుతూ అరగదీశాడు. మూడు వేళ్లతో పట్టుకుని, బరువు వెయ్యకుండా, పొద్దుగూకేదాకా. మధ్యలో నేను చెయ్యి వేస్తానంటే "నీ చేతికి బండి చక్రాలు అలవాటు" అన్నాడు. అది తిట్టో, కందెన సంగతి తెలుసని చెప్పటమో నాకు అంతుపట్టలేదు.

సామాను మూట కట్టేటప్పుడు చూశాను. పాత రింగు గుడ్డలో పడలేదు. అరచేతిలో దాగి నిక్కరు జేబులోకి పోయింది. మొదటిరోజు కాగితం ఉన్న జేబులోకే. నాకు ఏం పట్టిందో, పీట మీదినుంచి ఒక్క ఉరుకున లేచి అతని చెయ్యి పట్టుకున్నాను.

"దొంగతనంగా ఏం దాస్తన్నారండీ? కామందు నన్ను పెట్టింది ఇందుకే!"

అతను చెయ్యి విదిలించుకోలేదు. మెల్లిగా జేబులోంచి రింగు తీసి నా కళ్లముందు పెట్టాడు. గీతల్లో మసి తడిగా మెరుస్తోంది.

"ఇదా? ఇది నీక్కావాలా, కామందుక్కావాలా?"

నా వేళ్లు వాటంతటవే వదిలేశాయి. అతను రింగు మళ్లీ జేబులో వేసుకుని, ముడేసి, బొట్టు పెట్టాడు. నేను దొంగతనం అన్న మాట గురించి ఒక్క ముక్క అనలేదు.

నాలుగోరోజు బిగింపు. లోపలి గాలంతా లాగేసి గ్యాసు ఎక్కించాక, అతను కుంకుడుకాయలు కొట్టి నానబెట్టిన ముంత తెచ్చాడు. సబ్బు నురగ తొందరగా చచ్చిపోతుందని, కుంకుడు నురగ నిలబడుతుందని అతని లెక్క. పాత గడ్డం కుంచెతో చిలికి, ఆ నురగని ప్రతి అతుకు మీదా పూశాడు. గ్యాసు ఎక్కడన్నా కారితే అక్కడ బుడగ లేస్తుంది. పూసి, గొంతుక్కూర్చుని, ఒక బీడీ కాలేంతసేపు కళ్లార్పకుండా చూశాడు. ఏ బుడగా లేవలేదు. నురగ తుడిచి మళ్లీ పూశాడు. మూడోసారి కూడా పూశాడు.

"రెండుసార్లు చూశారు గదండీ" అన్నాను.

"రెండుసార్లు నేను చూశా. ఇప్పుడు నువ్వు చూడు."

నా తల వంచి చూపించాడు. తర్వాత బనీను విప్పేసి, ఎండలో నిలబెట్టిన కారులో వెనకసీట్లో కూర్చుని అద్దాలన్నీ ఎత్తించాడు. నేను ఇంజను తొక్కిపట్టాను. ఒంటిమీద చెమట ఆరితే పని అయినట్టట. అరగంట తర్వాత రోమాలు నిక్కబొడుచుకుని బయటికొచ్చి "ఊ" అన్నాడు. ఇది మొదటి రకం.

మూడు గంటలకి కామందు ఇంకొకరి కారులో వచ్చాడు. చలి చూశాడు, సంతోషించాడు. ఆ తర్వాత చెయ్యి చాపాడు.

"పాత సామాను ఏదీ?"

మా వైపు ఏ మిషను బాగుచేసినా తీసేసిన సామాను యజమాని చేతిలో పెట్టాలి. పెడితేనే కొత్తది వేసినట్టు. మేస్త్రి పంచెగుడ్డ పరిచాడు. రబ్బరు, స్ప్రింగు, పగిలిన కార్బన్ బిళ్ల, చివర జేబులోంచి తీసి స్టీలు రింగు. నేను వంగి చూశాను. రింగు శుభ్రంగా ఉంది. కిరసనాయిల్తో కడిగాడు. మసి లేదు, ఆముదం వాసన లేదు. గీతలు మాత్రం ఉన్నాయి. వాటిని ఎవరు కడగగలరు?

కామందు రింగు ఎత్తి వెలుతురులో పెట్టాడు.

"ఈ గీతలేంది? ఇది ఎవడి పని?"

మేస్త్రి నా చేతులకేసి చూశాడు, మొదటిరోజు చూసినట్టే. తర్వాత తన కుడిచేతికేసి చూసుకున్నాడు.

"నాదేనండి. విప్పేటప్పుడు చేయి జారింది. స్క్రూడ్రైవరు తగిలింది."

చుట్టూ గుండ్రంగా పడ్డ గీతలు స్క్రూడ్రైవరుతో పడవు. మిషను తెలిసిన ఎవడికైనా తెలుస్తుంది. కామందుకి తెలియదు.

"నాకు ముందే అనుమానం!" అన్నాడు కామందు. "జారదు జారదని ఊరంతా చెప్పుకుంటావు. ఏరా యేసోబూ, నువ్వు ఇక్కడే కూచున్నావు గదా. చూశావా, జారటం?"

మేస్త్రి నావైపు చూడలేదు. సామాను ముందుకు జరుపుతున్నాడు. నేను ఎంతసేపు ఆలోచించాను? ఆలోచించానని చెప్పుకోవటానికి కూడా లేదు.

"చూశానండి" అన్నాను.

మంత్రిగారు వచ్చారు. కారెక్కారు. ఎక్కగానే "అబ్బో, చల్లగా ఉందే" అన్నారు. నందిగామ దాటకముందే రోడ్డు పక్క జనం కనపడ్డారు, ఆయన అద్దం దించి నమస్కారాలు మొదలుపెట్టారు. పేట చేరేదాకా అద్దం ఎత్తలేదు. చలంతా పొలాలకి పోయింది. మేస్త్రి నాలుగు రోజుల చాకిరీ ఆ చిల్లకల్లు మలుపు దగ్గర మేస్తున్న గేదెలకి చల్లగా తగిలుంటుంది. కామందు పక్కన శాలువా కప్పుకుని చెమటలు కక్కుతూ కూర్చున్నాడు.

నా ఉద్యోగం నిలబడింది. మేస్త్రికి మాత్రం ఆ రోజునుంచి దిగటమే. కామందు చెప్పనివాడు లేడు. మిల్లువాళ్లకి చెప్పాడు, లారీవాళ్లకి చెప్పాడు, చివర "మా డ్రైవరు కళ్లారా చూశాడు" అని కలిపేవాడు. ఆయిలింజన్లు రావటం మానేశాయి. తర్వాత పంపులూ మానేశాయి. షెడ్డు ఎవరికో వదిలేసి, బస్టాండు మూల పెట్రోమాక్సు లైట్లు, స్టవ్వులు బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. బనీను మాత్రం తెల్లగానే ఉండేది. అక్కడ కూడా స్టవ్వు గొట్టానికి కుంకుడు నురగ పూసి, బీడీ వెలిగించి, బుడగ కోసం చూస్తూ ఉండేవాడు. బస్సు ఉద్యోగం వచ్చాక వారానికి మూడుసార్లు నాకు కనపడేవాడు. నేను కొట్టు అవతలివైపు నిలబడి టీ తాగేవాణ్ణి.

ఒక్కసారి ధైర్యం చేశాను. ఐదారేళ్ల కిందట. వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"మేస్త్రి గారూ, ఆ రోజు అట్టా ఎందుకన్నారండీ?"

అతను కుంచె ఆపాడు. నా వెనక ఎవరన్నా ఉన్నారేమోనని చూశాడు.

"కామందు పంపాడా?"

"లేదండీ, నేనే వచ్చా. మీ చేయి జారలేదు. నాకు తెలుసు, మీకూ తెలుసు. ఆ కందెన..."

"ఏ కందెన?"

"అది కాదండీ..."

"జారింది కాబట్టి జారిందన్నా. జారకపోతే జారిందని ఎవడన్నా అంటాడా? నువ్వు చూశావు గదా." స్టవ్వు నావైపు తిప్పాడు. "ఇందులో బుడగ కనపడతందా? కళ్లు కాస్త మసకగా ఉన్నయ్యి."

వంగి చూశాను. లేదన్నాను. "ఊ" అన్నాడు. ఏ రకం ఊనో నాకు తెలియలేదు. లేచి వచ్చేశాను. నా కృతజ్ఞతని కూడా అతను నమ్మలేదని అప్పుడు కోపమొచ్చింది. నమ్మటానికి నేనేమిచ్చానని? ఒక్క మాట ఇచ్చాను, అదీ అబద్ధం.

అందుకే మొన్న ఆ లారీవాళ్ల మాట విన్నాక నాకు కుదురు లేదు. శుక్రవారం సెలవు పెట్టి జగ్గయ్యపేట వెళ్లాను. కామందు బాగా పెద్దవాడయ్యాడు. చలి కారు ఎప్పుడో అమ్మేశాడు. వసారాలో పడకకుర్చీలో విసనకర్రతో విసురుకుంటున్నాడు. నన్ను గుర్తుపట్టి, "ఏరా, బస్సు తోలుతున్నావంటగా" అని నవ్వాడు.

నేను నిలబడే చెప్పాను. శివరాత్రి, కూత, మా నాన్న గొట్టం, రింగులో మసి, అంతా చెప్పాను. మేస్త్రి చేయి జారలేదని, ఆ మాట మీరే పదిమందికీ చెప్పాలని అడిగాను. మధ్యలో ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

కామందు విసనకర్ర ఆపి అంతా విన్నాడు. విని, నా భుజం మీద తట్టాడు.

"నీది మంచి మనసురా. పోయినోడి పేరు నిలబెడదామని నీ నెత్తినేసుకుంటన్నావు. కానీ ఎందుకురా ఈ అబద్ధాలు? నిన్ను అక్కడ కూచోబెట్టింది నేనే గదా. అడిగిందీ నేనే. చూశానన్నావు గదరా!"

చూశాననే అన్నాను.